పిట్ట ముట్టని విస్తరి

పొద్దుటి నుంచి మబ్బు పట్టి ఉంది. ఎండా లేదు, వానా లేదు. వాడపల్లి దిగువన కృష్ణలో పోతున్న రెండు కయాక్‌లు ఒడ్డుకు తిరిగాయో లేదో, ఇసుక మీద నుంచి కేక వచ్చింది.

"ఆగుండ్రి. గీడికి రావొద్దు. పిట్ట బెదురుతది."

జగన్ తెడ్డు ఆపాడు. అతని వెనక వినోద్, పక్క కయాక్‌లో సునీత. ముగ్గురూ సూర్యాపేట నుంచి సరదాకు వచ్చిన స్నేహితులు. ఇందాక సెల్ఫీ కోసం వినోద్ లేచి నిలబడితే పడవ ఒరిగి, అన్నం క్యారేజీ నది పాలైంది. అప్పటి నుంచి జగన్ వాడితో మాట్లాడటం లేదు.

ఒడ్డున విస్తరి పరిచి ఉంది. అన్నం, కోడికూర, గారెలు, సీసాలో కల్లు, బీడీకట్ట. అన్నీ మొన్న కాలం చేసిన దశరథకు ఇష్టమైనవే. దూరంగా చుట్టాలంతా కూర్చున్నారు. పిట్ట ముట్టందే ఎవరూ మెతుకు ముట్టరు. కూర వాసన నీళ్ల మీదుగా వస్తుంటే జగన్ దేగిసా గిన్నె వైపే చూస్తున్నాడు.

"పిట్ట తిన్నంక మీరు గూడ తినిపోండ్రి," అన్నాడు దశరథ పెద్దకొడుకు యుగంధర్.

ఇక వాళ్లూ నీళ్ల మీదే కూర్చుని కాకి కోసం చూడసాగారు. కాకులు తుమ్మచెట్టు దిగడం లేదు.

"నాయినా, తమ్మునితోని ఇగ కొట్లాడ. తిను," యుగంధర్ దండం పెట్టాడు. కాకి కదలలేదు.

"నేను తాగుడు బంద్ జేస్త నాయినా," అన్నాడు చిన్నకొడుకు యాదయ్య. కాకి అటు తిరిగి కూర్చుంది.

"పెద్దమనిషి నమ్ముతలేడు," అన్నారెవరో వెనక నుంచి.

అప్పుడు దశరథ భార్య కొమురమ్మ నోరు విప్పింది. "ఆయినకు పడవెక్కాలని శాన కోరికుండె. ఏటికొచ్చినప్పుడల్ల అంటుండె."

అందరి చూపూ కయాక్‌ల మీద పడింది.

"అన్నా, జర విస్తరి పెట్టుకోని ఒక్క చుట్టు తిప్పుతవా?" యుగంధర్ అడిగాడు.

"తిప్పుత. గని విస్తరి పట్టుకునెటోళ్లు గావాలె," అన్నాడు జగన్.

కొడుకులిద్దరూ నీళ్ల లోతు చూసి, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కొమురమ్మ లేచి కొంగు దోపింది.

"ఈ వయసుల నీకెందుకే అమ్మా?"

"మొగడు నాకా, నీకా?"

జగన్ కయాక్‌ను ఒడ్డుకు చేర్చగానే వినోద్ దిగి తన లైఫ్ జాకెట్ ఆమెకు తొడిగాడు. విస్తరి ఒడిలో పెట్టుకుని ఆమె కూర్చుంది. జగన్ ఒక చుట్టు తిప్పి ఒడ్డుకు మళ్లించబోయాడు.

"ఇంకొంచెం దూరం పోనియ్ బిడ్డా. ఆయినకు ఆవలి గట్టు సూడాలనుండె."

ఆవలి గట్టు చూపించి తీసుకొచ్చాడు. విస్తరిని కయాక్ ముక్కు మీద పెట్టి అంతా పక్కకు తప్పుకున్నారు. కాసేపటికి ఓ కాకి దిగి, అటూ ఇటూ చూసి, గారె ముక్క ఎత్తుకుపోయింది.

"ఇన్నేండ్లు మనకు దెల్వకపాయె," కొడుకులు కళ్లు తుడుచుకున్నారు.

భోజనాల బంతి సాగింది. జగన్ తన విస్తరిలోని ముక్కొకటి తీసి, మాట్లాడకుండానే వినోద్‌కు వేశాడు. ఇటు పక్కన కొమురమ్మ ఏటినే చూస్తూ నిదానంగా నములుతోంది. కొంతసేపటికి జగన్ చెవి దగ్గరకు వంగింది.

"మా ఆయినకు నీళ్లంటే మస్తు భయం బిడ్డా, కాలువ గూడ దాటకపోయెడు. కోరిక నాది."