మూడు లాగుళ్లు

వాగు మీదికి వంగిన తుమ్మచెట్టు నిండా గిజిగాళ్ల కాపురాలే. తొలకరికి ముందు అక్కడి కుర్ర గిజిగాళ్లకి పరీక్ష ఉంటుంది. ఒక్కొక్కడూ ఓ గూడు అల్లాలి. చెట్టుకి పెద్దయిన పీచుతాత దాన్ని ముక్కుతో పట్టి మూడుసార్లు లాగుతాడు. ఊడకపోతే పాసు.

గరికమ్మకి దిగులు పట్టుకుంది. కొడుకు చివురయ్య అల్లిందే విప్పి మళ్లీ అల్లుతున్నాడు. తిండి ముట్టడం లేదు. మొగుడు పసుపయ్యేమో, "పక్క కొమ్మవాడు గూటికి గొట్టం కూడా అల్లేశాడు. మరి నువ్వో?" అని గంటకోసారి పొడుస్తున్నాడు.

"గూడు తర్వాత చూద్దువుగాని, ముందు పిల్లాణ్ణి చూడు," అంది గరికమ్మ.

పసుపయ్య చూశాడు. వాడు తన ఈకలు తనే పీక్కుంటున్నాడు.

కాసేపటికి కొడుకుని చిటారు కొమ్మకి తీసుకెళ్లాడు. అక్కడ చివికిన పీచు వేలాడుతోంది. "నా మొదటి గూడురా ఇది. రెండో లాగుడుకే ఊడింది. మీ అమ్మకి కూడా చెప్పలేదు."

కింది కొమ్మ మీద గరికమ్మ అంతా వింది. గొప్పలు తప్ప చెప్పని మొగుడు కొడుకు కోసం తన పరువు పోచపోచగా విప్పేశాడు. ఆమెకి కళ్లు చెమర్చాయి.

పరీక్షనాడు చివురయ్య గూడు మూడో లాగుడుకి ఊడింది. చెట్టంతా పసుపయ్య వైపే చూసింది. అతను మిడతని కరుచుకొచ్చి కొడుకు పక్కన వాలాడు. "ముందు తినరా."

చివురయ్య తిన్నాడు. మూతి తుడుచుకుని, "నాన్నా, నీది రెండో లాగుడుకే కదూ?" అంటూ కొత్త పీచు కోసం ఎగిరిపోయాడు.