మెత్తటి ట్రిగ్గర్

"మూత పడదు లా. ఇంత చిన్న తుపాకీలో అన్ని వైర్లు ఎక్కడ పెడతావు?" అన్నాడు టాన్, తన సింగపూర్ యాస ఇంగ్లీషులో.

నవనీత్ తలెత్తలేదు. పొట్టి ఎయిర్‌సాఫ్ట్ ఆట తుపాకీ బల్ల మీద రెండు చెక్కలుగా విడిపోయి ఉంది. లోపలి పాత స్విచ్ పీకేసి, దాని చోట గోరంత సర్క్యూట్ బోర్డు కూర్చోబెట్టాడు. ఇక ట్రిగ్గర్‌ను బలంగా లాగనక్కర్లేదు. వేలు ఆనిస్తే చాలు, సెన్సర్ పసిగట్టి మోటారు తిప్పేస్తుంది, ప్లాస్టిక్ గుండు దూసుకుపోతుంది. పెద్ద తుపాకీలో అయితే ఇది సులువైన పని. పొట్టిదానిలో బోర్డుకే చోటు చాలక, వైర్లు నూడుల్స్‌లా బయటికి పొంగుతున్నాయి.

వారమంతా రాఫెల్స్ ప్లేస్‌లో బ్యాంకు సాఫ్ట్‌వేర్ రాసే నవనీత్‌కు శనివారమొస్తే ఈ పిచ్చి. సింగపూర్‌లో ఇలాంటి తుపాకీ ఇంట్లో పెట్టుకుంటే పోలీసులు తలుపు కొడతారు. అందుకని పాయా లేబర్‌లో లైసెన్సుతో ఆటస్థలం నడిపే టాన్ దగ్గర చేరి, జీతం లేని మెకానిక్‌గా సరదా తీర్చుకుంటున్నాడు.

"ఎవరికోసం ఇంత తంటా?" అన్నాడు టాన్.

"కాబోయే మామగారికి. ఆయన చూపుడు వేలు సరిగా వంగదు."

ఫోన్ మోగింది. అక్షర.

"కింద ఉన్నాం. నాన్న కాఫీ తాగుతున్నారు. నీకు గుర్తుందిగా? క్యారమ్స్‌లో ఓడిపోతేనే ఆ పూట అన్నం మానేస్తారాయన. నీకు యెస్సా, నో నా అన్నది ఇవాళ నీతో ఆడాకే చెప్తానన్నారు."

"ఎందుకట్ల భయపెడ్తవ్? ఆయననే గెలుస్తడు."

"ఎలా?"

"ఈ ట్రిగ్గర్‌తోని చిన్నపిల్లలు గూడ గెలుస్తరు. ఒకవేళ గురి తప్పిందనుకో, తగిలినట్టే పడిపోతం. టాన్‌కు గూడ చెప్పిన."

"నీ పెళ్లికోసం నేను చావాలి. కెన్, కెన్, చస్తాలే," అన్నాడు టాన్ పక్కనుంచి, తన పేరు వినబడి.

నవనీత్ మోకాలితో అదిమిపెట్టి మూత మూశాడు. ఆఖరి మర బిగించేసరికి గుమ్మంలో అక్షర, ఆమె తండ్రి భరద్వాజ్ కనిపించారు. ఆయన కాకినాడలో బ్యాంకు విజిలెన్సు విభాగంలో పనిచేసి రిటైరైన మనిషి. నమస్కారం అందుకుంటూ కూడా ఎదుటివాడి చేతుల్లో ఏముందో చూస్తారు.

"ఇదేనా నా ఆయుధం?"

"అవునంకుల్. మీకోసం నేనే ప్రత్యేకంగా చేశాను. వేలు ఇలా ఆనిస్తే చాలు."

"తగిలిందో లేదో చూసేదెవరు? కెమెరాలున్నాయా?"

"లేవంకుల్. తగిలినవాళ్లే చెయ్యెత్తి 'హిట్' అని చెప్పి పక్కకి వెళ్లిపోవాలి. అదే ఈ ఆట మర్యాద."

"బావుంది," అని ఆయన ముఖానికి మాస్కు తగిలించుకున్నారు.

తండ్రీకూతుళ్లు ఒక జట్టు. నవనీత్, టాన్ రెండో జట్టు. ప్లైవుడ్ గోడలు, ఖాళీ డ్రమ్ముల మధ్య ఆట మొదలైంది. స్పీకర్లలో సంగీతం చెవులు చిల్లులు పొడుస్తోంది. గోడ అవతల ఇంకో గుంపు టపటపా కాల్చుకుంటోంది.

భరద్వాజ్ డ్రమ్ము చాటునుంచి తుపాకీ చాపారు. ఎదురుగా టాన్.

"హిట్," అన్నాడు టాన్. అన్నవాడు ఊరుకోకుండా పొట్ట పట్టుకుని, గోడకు ఆనుకుంటూ, నెమ్మదిగా నేలమీదికి జారాడు. చాలా బాగా చచ్చాడు.

భరద్వాజ్ ఒక్క క్షణం తుపాకీ వంక చూసుకుని, మళ్లీ నక్కుతూ కదిలారు. ఈసారి ఆ తుపాకీ ముక్కు తన వైపు తిరగడం నవనీత్ చూశాడు. గుండు ఎటు పోయిందో అతనికి తెలియలేదు, తెలుసుకోవాలనీ అనిపించలేదు.

"హిట్ అంకుల్," అని రెండు చేతులూ ఎత్తేశాడు.

"ఇంకో ఆట," అన్నారు భరద్వాజ్. ఆయన కళ్లలో హుషారు మాస్కులోంచి కూడా కనిపిస్తోంది. ఆ ఆటలోనూ ఇద్దరూ పడ్డారు. తర్వాత ఆయన, "నువ్వు అటు వెళ్లమ్మా, నీతో ఆడతాను," అన్నారు. అక్షర అటు వెళ్లి, నిలబడిన చోటే చచ్చిపోయింది.

ఆట అయ్యాక టాన్ కర్రీ పఫ్‌లు తెప్పించాడు. భరద్వాజ్ తుపాకీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు.

"నీకు ఎక్కడ తగిలింది బాబూ?"

"భుజం మీదంకుల్."

"నొప్పిగా ఉందా?"

"చురుక్కుమంది. మీ గురి అలాంటిది మరి."

"మీకు?" అని టాన్‌ను అడిగారు ఇంగ్లీషులో.

టాన్ పొట్ట నిమురుకున్నాడు. "వెరీ పెయిన్, అంకుల్."

"నీకో?"

"మోకాలి కింద, నాన్నా. రేపటికి కమిలిపోతుందేమో," అంది అక్షర, కుంటుతూ వచ్చి కూర్చుని.

భరద్వాజ్ ముగ్గురినీ వరసగా చూసి నవ్వారు. పొద్దున్నుంచీ ఆయన నవ్వడం అదే మొదటిసారి. నవనీత్‌కు ధైర్యం వచ్చింది.

"ట్రిగ్గర్ ఎలా ఉందంకుల్? వేలికేమైనా ఇబ్బంది పెట్టిందా?"

"అబ్బే. వెన్నలా ఉంది."

"మరి మా సంగతి..." అంది అక్షర.

ఆయన పఫ్ తిని, రుమాలుతో మూతి తుడుచుకుని, తుపాకీని మెల్లగా నవనీత్ ముందు పెట్టారు.

"మొదటి ఆట నుంచీ ఇది ఒక్కసారి కూడా పేలలేదు బాబూ."