ఐదో టైరు

టప్పున చప్పుడైంది. కారు కుంటుకుంటూ వెళ్ళి రోడ్డు పక్కన ఆగిపోయింది.

"పంక్చరమ్మా," అన్నాడు అన్నయ్య, చినుకు పడిందన్నంత తేలిగ్గా. "స్టెప్నీ ఉందిగా, మార్చేద్దాం."

చెల్లెలి గుండె గుభేలుమంది. స్టెప్నీ ఎక్కడుంది! నిన్న అన్నయ్య స్నానానికి వెళ్ళినప్పుడు దాన్ని డిక్కీలోంచి లాగి, దొర్లించుకుంటూ వెళ్ళి షెడ్డు వెనక దాచింది తనే కదా. డిక్కీలో టైరుండే ఆ గుంటలో ఇప్పుడున్నది తన బ్యాగు. దాని మీద చెక్క, చెక్క మీద పట్టా.

బ్యాగులో రెండు జతల బట్టలు, నర్సు చదువు సర్టిఫికెట్లు, వేరే ఊరి ఆసుపత్రి ఇచ్చిన ఉద్యోగం కాగితం. సాయంత్రంలోగా వెళ్ళి చేరాలి. పన్ను నొప్పని వంక పెట్టి బయల్దేరింది. పళ్ళ డాక్టరుకి ఎదురుగానే బస్టాండు. తను డాక్టరు దగ్గరుంటే అన్నయ్య ఎప్పుడూ టీకి వెళ్తాడు. ఆ కాస్త సందు చాలు. డిక్కీ రెండో తాళం కొంగున ముడేసుకుని ఉంది.

అన్నయ్య చెడ్డవాడంటే వీధి వీధంతా కొట్టడానికొస్తుంది. ఏనాడూ గొంతు పెంచి ఎరగడు. వదిన పోయాక పిల్లల్నీ వంటింటినీ చెల్లెలికి అప్పజెప్పి, "నువ్వు లేకపోతే మేమేమైపోతామమ్మా" అని కళ్ళొత్తుకుంటాడు. కిందటిసారి ఉద్యోగం వస్తే, "మా చెల్లికి ఒంట్లో బాగుండదండీ" అని ఆసుపత్రికి తనే ఫోన్ చేసి చెప్పేశాడు. ఇదేంటన్నయ్యా అంటే, "నీ మంచికేగా తల్లీ" అన్నాడు. పాకంలో పడ్డ చీమకి ఊపిరాడట్లేదంటే ఎవరు నమ్ముతారు?

"మెకానిక్కుని పిలుద్దాం అన్నయ్యా. అసలే నీకు నడుం నొప్పి."

"నీ ఇష్టమమ్మా. నాకేం తొందర?" అంటూ కల్వర్టు గోడ మీద చతికిలబడి, బత్తాయి ఒలవడం మొదలుపెట్టాడు. "నొప్పి ఎలా ఉంది? ఇవాళ టీ మానేసి డాక్టరు దగ్గర నీ పక్కనే కూర్చుంటాలే. ఒక్కదానివీ భయపడతావు."

ఇవాళే పొంగుకు రావాలా ఈ ప్రేమ! అడకత్తెరలో పోకచెక్కలా అయింది ఆమె పని.

అంతలో ఓ స్కూటరొచ్చి ఆగింది. పక్క వీధి టీచరమ్మ.

"బండి మొరాయించిందా? నేను బస్టాండు వైపే వెళ్తున్నా. ఎక్కమ్మాయ్, దింపేస్తాను."

"వెళ్ళమ్మా, వెళ్ళు," అన్నాడు అన్నయ్య వెంటనే. బత్తాయి తొన ఒకటి చేతికిచ్చాడు. "నా కోసం ఆగకు. నేను టైరు మార్చుకుని మెల్లగా వస్తాను."

ఆమె ఒంట్లో ప్రాణం లేచొచ్చింది. కాలెత్తి ఆ స్కూటరెక్కితే చాలు. కానీ బ్యాగు? సర్టిఫికెట్లు లేకుండా ఏ ఆసుపత్రి గడప తొక్కనిస్తుంది? పైగా తనటు వెళ్ళగానే ఆయనిటు డిక్కీ తెరుస్తాడు. రాత్రింబవళ్ళు చదివిన చదువంతా ఆయన గుప్పిట్లో పడుతుంది. ఎలాగోలా మెకానిక్కుని రప్పించి ఈ టైరుకే పంక్చరు వేయిస్తే డిక్కీ తెరిచే పనుండదు, తర్వాత అన్నయ్య కన్నుగప్పి బ్యాగు తీసుకోవచ్చు.

"వద్దులెండి టీచర్. అన్నయ్య ఒక్కడే అయిపోతాడు."

"ఎంత అదృష్టవంతులండీ! ఇలాంటి చెల్లెలు అందరికీ దొరుకుతుందా?" అంటూ టీచరమ్మ వెళ్ళిపోయింది.

"దొరకదండీ," అన్నాడు అన్నయ్య నవ్వుతూ.

స్కూటరు మలుపు తిరిగేదాకా చూశాడు. తర్వాత లేచి, చేతులు తుడుచుకుని, తాళం చెల్లెలి చేతిలో పెట్టాడు.

"మెకానిక్కెందుకులే, ఎండెక్కుతోంది. నా నడుం వంగదు. నువ్వే డిక్కీ తియ్యమ్మా."

తీసింది. పట్టా లాగింది. చెక్క అంచు పట్టుకుంది. ఏం చెప్పాలి? పాత బట్టలనాలా? కాళ్ళు పట్టుకోవాలా? ఎన్నాళ్ళిలా భయపడి చావడం! 'అవును, వెళ్ళిపోతున్నాను' అని మొహం మీదే చెప్పేస్తే సరి. ఆ మాట గొంతుదాకా వచ్చింది. కళ్ళు గట్టిగా మూసుకుని చెక్క ఎత్తింది.

కళ్ళు తెరిచి చూస్తే, నిన్న తను షెడ్డు వెనక దాచిన టైరు, దుమ్మంతా తుడిపించుకుని, దాని గుంటలో అది బుద్ధిగా కూర్చుని ఉంది.