పక్క సీటు

భార్య రానంది. అదీ ఎప్పుడు? బండికి లోడు కట్టేసి, అద్దాలు తుడుచుకుని, పక్క సీటు మీది ప్లాస్టిక్ కవరు కూడా చింపేశాక.

ఒంట్లో బాగాలేదా అని ఫోన్లో అడిగాడు. బాగానే ఉందట. పనుందట. మీరు వెళ్లండి అంది.

అతనికి ఒళ్లు మండింది. సముద్రం చూపిస్తానని పెళ్లైన కొత్తలో మాటిచ్చాడు. అప్పట్నుంచీ ఏదో ఒక లోడు అడ్డం పడుతూనే ఉంది. ఈసారి అలా కాదు. కొత్త పికప్ ట్రక్కు, హెవీ డ్యూటీది, ఎంత బరువేసినా కిక్కురుమనదట. దాని మొదటి దూర ప్రయాణం సముద్రమున్న ఊరికే. లోడు దింపాక ఇద్దరూ షికారు. స్వామికార్యం, స్వకార్యం రెండూ అయిపోతాయి. వస్తానని ఆవిడే ఒప్పుకుంది కూడా. తీరా బయల్దేరే వేళకి ఇదీ వరస.

ఇంటికెళ్లి బతిమాలదామంటే పగటిపూట లోడు బళ్లను ఊళ్లోకి రానివ్వరు. రెండ్రోజులుగా అతను బండికి బాడీ కట్టే షెడ్డులోనే పడుకున్నాడు. పని పూర్తయ్యాక బండిని తిన్నగా ఊరి బయట బావమరిది గోడౌనుకి తెచ్చాడు. ఇళ్లు మారేవాళ్ల సామాన్లు చేరవేయించడం బావమరిది వ్యాపారం. అట్టపెట్టెలూ గోనెమూటలూ అప్పటికే కట్టి సిద్ధంగా ఉన్నాయి. కూలీలు ఎక్కిస్తుంటే ఇతను ఓ కునుకు తీశాడు. లేచేసరికి పైన టార్పాలిన్ కప్పి తాళ్లు బిగించేశారు. ఎవరి సామాను, లోపలేముంది అని డ్రైవరు అడగడు. ఆ వ్యాపారంలో పద్ధతే అంత. ముడులు గట్టిగా ఉన్నాయో లేదో చూసుకుంటాడు, అంతే.

"చూశావా, మీ అక్క ఎలా చేసిందో?" అన్నాడు ముడి లాగి చూస్తూ.

బావమరిది తలెత్తలేదు. "నన్ను మధ్యలోకి లాగకండి బావా. గుమ్మం ముందే ఆపి బెల్లు కొట్టండి. పార్టీ ఇంట్లోనే ఉంటారు," అని అడ్రసు ఫోన్లో పంపించాడు.

అక్కాతమ్ముళ్లిద్దరూ ఒకటే అని గొణుక్కుంటూ బండి తీశాడు.

కానీ హైవే ఎక్కాక కోపం ఎంతోసేపు నిలబడలేదు. బండి అలాంటిది మరి. పాత బండిలో గేరు మార్చాలంటే భుజం మొరపెట్టుకునేది. ఇందులో రెండు వేళ్లతో తోస్తే పడుతోంది. సీటు నడుముని ఒడిసి పట్టుకుంటోంది. అద్దాలు ఎత్తేస్తే, పక్కనే లారీ హారన్ కొట్టినా ఎక్కడో పక్కవీధిలో కొట్టినట్టుంది. లోపాలు లేవని కాదు. టీ గ్లాసు పెట్టుకునే గుంట మరీ చిన్నది. ఇంకో సంగతేమిటంటే, పక్క సీట్లో తన సంచి పెడితే అది మనిషనుకుని బెల్టు పెట్టమంటూ బండి ఒకటే కుయ్యోమొర్రో. చివరికి సంచికి బెల్టు పెట్టాల్సొచ్చింది.

కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. ఈ ముచ్చట్లు ఎవరికో ఒకరికి చెప్పకపోతే కడుపుబ్బిపోయేలా ఉంది. అలిగినవాడే మళ్లీ ఫోన్ చేశాడు. క్లచ్చి గురించి చెప్పాడు. బ్రేకుల గురించి చెప్పాడు.

"సామాను కదలకుండా ఉందా?" అందామె.

ఇన్నేళ్లలో ఆవిడ లోడు సంగతి అడగడం ఇదే మొదలు. మనసు కాస్త చల్లబడింది. ఆమె గొంతు మాత్రం గంగాళంలోంచి వచ్చినట్టు మోగుతోంది. ఏం చేస్తున్నావంటే ఇల్లు కడుగుతున్నానంది. "మీకో మాట చెప్పాలి," అని కూడా అంది.

"ఉండుండు, ఘాట్ రోడ్డొచ్చింది," అని పెట్టేశాడు.

కొండని బండి ఆయాసం లేకుండా ఎక్కేసింది. దిగేటప్పుడూ అంతే నిమ్మళం. ఇది చెప్పకుండా ఎలా? మళ్లీ ఫోన్. ఆవిడ మళ్లీ ఆ మాటే మొదలెట్టబోయింది. ఇతను మలుపుల దగ్గర స్టీరింగు ఎలా తిరిగిందో వివరించాడు. అంతా విని, సరే, ఎదురుగానే చెప్తాలెండి అంది.

మధ్యాహ్నం హోటల్ దగ్గర ఆగాడు. పక్క టేబుల్ దగ్గర ఒక జంట ఒకే ప్లేట్లో తింటున్నారు. అతనికి మళ్లీ కడుపు రగిలింది. నమ్మించి గొంతు కోసింది. వస్తానని చెప్పి, సంచికి బెల్టు పెట్టుకుని తిరిగే గతి పట్టించింది. తను ఏం తక్కువ చేశాడని? తాగుడా, పేకాటా? రోడ్డు మీద పడి కష్టపడటం తప్పితే ఏం తెలుసని? ఇంతటి మోసం పగవాళ్లు కూడా చెయ్యరనుకున్నాడు. కళ్లు చెమర్చాయి. కారం ఎక్కువైందని సర్వర్ మీద విసుక్కున్నాడు.

పొద్దు వాలుతుండగా రోడ్డు పక్కన సముద్రం కనిపించింది. అంత నీటినీ ఒక్కడే చూడాలంటే ఏడుపొచ్చింది. బండి ఆపకుండా, అటు తల తిప్పకుండా పోయాడు.

పోతూ పోతూ మెత్తబడ్డాడు. ఆడమనిషి, ఏదో పని అడ్డమొచ్చి ఉంటుంది. తప్పు ఆవిడదే అయినా తనే ఓ మెట్టు దిగుదామనుకున్నాడు. ఈ లోడు దింపేసి తెల్లారేసరికి ఇల్లు చేరాలి. వచ్చే వారం ఏ లోడూ ఒప్పుకోకుండా ఆవిడని పక్కన కూర్చోబెట్టుకుని రావాలి. ఈసారి మాట తప్పితే తను మనిషే కాదు.

అడ్రసు సముద్రానికి రెండు వీధుల ఇవతల. కొత్తగా సున్నం వేసిన చిన్న ఇల్లు. గడప ఇంకా తడిగా ఉంది. బండిని గుమ్మం దాకా వెనక్కి తెచ్చి, తాళ్లు వదులు చేసి, చొక్కా సర్దుకుని బెల్లు కొట్టాడు.

తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ తలుపు తీసిన అతని భార్య, "మీ మంచం, మీ బట్టలు ఆ ఇంట్లోనే వదిలేసి వచ్చాను, మిగతావన్నీ మెల్లగా దింపించండి," అంది.