ఇరవై ఏడో నంబరు

హాజరు పట్టీ తెరిచే ముందు జైపాల్ సారు గోడ మీది పెట్టె వైపు చూశాడు. రెండు లైట్లూ పచ్చగానే ఉన్నాయి. ఒకటి కేబుల్ నెట్, రెండోది సిమ్ నెట్. ఒకటి పోతే రెండోది అందుకుంటుంది.

గోదావరిఖనిలో బొగ్గు టిప్పర్లకూ కేబుల్ వైర్లకూ ఏదో పాత పగ. వారానికి ఒక్కసారైనా తెంపందే వాటికి తోచదు. ఈ ఏర్పాటంతా ఎనిమిదో తరగతి లహరి కోసం. జూన్‌లో ఆ పిల్ల జబ్బుతో మంచం పట్టింది. అప్పటి నుంచి క్లాసు ఫోన్లో వాళ్ళింటికి పోతోంది.

మొదట్లో కేబుల్ ఒక్కటే. దీపావళి మర్నాడు అది తెగింది. లహరిది ఇరవై ఏడో నంబరు; పిలిస్తే జవాబు రాలేదు. గంట తిరక్కముందే లహరి తల్లి రాజకుమారి క్వార్టర్ల నుంచి ఎండలో నడిచొచ్చింది.

"మా లహరికి ఆబ్సెంట్ ఏసిన్రా సార్?"

"లేదమ్మా. నెట్ పోయింది, గంతే."

"ఒక్కరోజు గూడ ఎయ్యకుండ్రి సార్," అంటూ గడప మీదే కూలబడింది.

జైపాల్ సారు ఆమె మొహంలోకి చూడలేకపోయాడు. ఆ సాయంత్రమే నెట్ మెకానిక్ ఖైజర్‌ను పిలిపించి రెండో కనెక్షన్ కలిపించాడు.

ఇవాళ హెడ్మాస్టర్ నర్సింగం సారు తలుపు దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"ఇంకెన్ని రోజులు గిట్ల, జైపాల్? రెండోది ఆఫీసుకియ్యి. పరీక్ష ఫారాలు పోతలెవ్వు."

"హాజరు అయ్యేదాక ఆగుండ్రి సార్."

ఇరవై అయిదు పిలిచాడు. ఇరవై ఆరు పిలిచాడు. బయట రోడ్డు మీద టిప్పరు గర్జించింది. మొదటి లైటు ఎర్రబడింది. జైపాల్ సారు పెన్ను ఆపి పెట్టె వైపు చూశాడు. రెండో లైటు ఒకసారి మినుకుమని నిలబడింది.

"ఇరవై ఏడు."

పిల్లలంతా తలలు దించుకున్నారు.

"ఉన్న సార్." స్పీకర్లోంచి లహరి గొంతు. వెంటనే, రోజూ వచ్చే ఆ చిన్న దగ్గు.

నర్సింగం సారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఫారాలు నేనే పెద్దపల్లి పోయి ఇచ్చొస్త తియ్యి. దాన్ని ముట్టకు."

అవతల క్వార్టర్లో రాజకుమారి, దసరా సెలవుల్లో చనిపోయిన కూతురి గొంతు రికార్డింగు ఆపేసి, రేపటి హాజరు కోసం ఫోను ఛార్జింగులో పెట్టింది.