గడియ ఎటువైపు?

"మధ్యలో గోడ లేస్తే ఇది ఒక ఇల్లు కాదమ్మా, రెండు. పాత పాలసీ మార్చి వేర్వేరుగా రాయాలి," అన్నాడు బీమా ఏజెంటు, సిమెంటు బస్తా మీద కూర్చుని.

నడుమెత్తు లేచిన గోడకి చెరోవైపు నిలబడి తోడికోడళ్ళిద్దరూ తలూపారు. వాళ్ళ మధ్య మాటలు ఆగిపోయి నెలయింది.

"మీ భాగంలో వంటగది వీధిగుమ్మం పక్కనే ఉంది. అక్కడ మంటలు లేస్తే ఎటునుంచి బయటపడతారు?" ఏజెంటు చిన్నకోడల్ని అడిగాడు. "ఫారంలో రాయాలి."

చిన్నకోడలు తన గదులన్నీ ఒకసారి కలియజూసింది. బయటికి వేరే గుమ్మం లేదు. ఓపిక లేనట్టు చెయ్యెత్తి గోడ అవతలికి చూపించింది.

"అక్కావాళ్ళ పెరటి గుమ్మంలోంచి."

మేస్త్రీ చేతిలో తాపీ ఆగింది. పెద్దకోడలు తన పెరటి గుమ్మం వైపు చూసి, అతనివైపు తిరిగింది.

"మేస్త్రీ, ఈ గోడలో ఒక తలుపు పెట్టు."

"అంటే, కట్టింది మళ్ళీ కొట్టాలా!" మేస్త్రీ నిట్టూర్చాడు. "సర్లెండి. గడియ మీవైపేగా?"

"మంటల్లో ఉన్నా అది నోరు తెరిచి నన్ను పిలవదయ్యా," అంది పెద్దకోడలు విసుగ్గా. "గడియ దానివైపే పెట్టు."