పిండిమర ముందు బెంచీ

బేరాల్లేక దిగులుపడుతున్న సుభద్రమ్మ పిండిమరలోకి కూడా, అన్ని కొట్లలోకి వచ్చినట్టే, బేరం పెంచే దారి చెప్పే, మాట్లాడే సలహాల పెట్టె వచ్చింది.

"వాకిట్లో బెంచీ తీసెయ్యండి. గింజలు ఎగిరే బుట్టల్లో వస్తాయి, పిండి వాటిలోనే వెళ్తుంది" అంది.

సుభద్రమ్మ తీసేసింది. మరకిప్పుడు తీరికే లేదు. జొన్నలు ఆడేదాకా బెంచీ మీద కూర్చుని, "నీ మరకన్నా నీ నోరే ఎక్కువాడుద్దే సుభద్రా!" అని వెక్కిరించే కాశింబి మాత్రం మళ్లీ కనిపించలేదు. ఆమె జొన్నల డబ్బా బుట్టలో వారంవారం వచ్చేది.

ఈ వారం అదీ రాలేదు.

"కాశింబి డబ్బా ఏదీ?" అని పెట్టెనడిగింది సుభద్రమ్మ.

"ఆవిడ ఎండాకాలంలోనే పోయారు. ఇన్నాళ్లూ కోడలు పంపింది, ఇప్పుడు మానేసింది. ఆవిడ జొన్నలాడే వేళ వేరేవాళ్లకిచ్చాను. మీకు నష్టం లేదు."

"నాకు చెప్పలేదేం?"

"మీరు అడగలేదండీ."

సుభద్రమ్మ మర ఆపింది. పెరట్లోంచి బెంచీ ఈడ్చుకొచ్చి, కొంగుతో తుడిచి, ఒక చివర ఒదిగి కూర్చుంది.